గేటు దగ్గర ఆగిపోయిన చదువు

ఉద్యోగ ప్రకటనలో ‘మాజీ సైనికులకు ప్రాధాన్యం’ అని కనిపిస్తే, అది చాలావరకు కాపలా కొలువే. బెంగళూరు–చెన్నై రహదారి పక్కన నరసాపురం పారిశ్రామికవాడ పెరిగి, హోండా స్కూటర్ల ఫ్యాక్టరీ, ఐఫోన్లు బిగించే ఫ్యాక్టరీ వచ్చాక మన కోలారు పల్లెల్లో ఈ లెక్క మరీ స్థిరపడింది. మిలిటరీ నుంచి వచ్చినాయనకేం, ఏదో ఒక కంపెనీ గేటులో వేసుకుంటారు అనేస్తాం.

కాపలా తక్కువ పనేం కాదు. నా పేచీ వేరు. పద్దెనిమిదేళ్ళకు చేరిన సిపాయి పింఛనుతో ఇల్లు చేరేసరికి నలభై కూడా నిండవు. అలాంటి మనిషిలో మనకు కనిపించేది నిటారుగా నిలబడే నడుము ఒక్కటే. ఆ మధ్య ఏళ్ళలో ఏం నేర్చుకున్నావని ఊళ్ళో ఒక్కరూ అడగరు.

నేర్చుకున్నది తక్కువా? మద్రాస్ ఇంజనీర్ గ్రూపునే చూడండి. 1780 నాటి పరంపర, కేంద్రం బెంగళూరులో హలసూరు చెరువు దగ్గరే. పదో తరగతితో అక్కడ చేరిన తెలుగు, కన్నడ, తమిళ కుర్రాళ్ళు వంతెనలు వేస్తారు, మందుపాతరలు తీస్తారు, దొరికిన నీటిని శుద్ధి చేసి దండుకు అందిస్తారు.

ఇప్పుడు నరసాపురం చెరువు దగ్గరికి రండి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులు నింపే కోరమంగల–చల్లఘట్ట పథకం 2018లో మొదలైంది. నీరు ముందు లక్ష్మీసాగర చెరువులో పడి, గొలుసుకట్టుగా మిగతా చెరువులకు పారుతుంది. మన నరసాపురం చెరువు కూడా ఆ గొలుసులోదే. మొదటి నెలల్లోనే లక్ష్మీసాగరలో నురగ తేలింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. నీరు రావడం వల్ల బోర్లు బతికాయని ఒకరు, నేల పాడైందని మరొకరు ఇప్పటికీ వాదించుకుంటారు. నమూనా తీసి, పరీక్ష చేయించి, ఫలితాన్ని గ్రామసభలో భయం లేకుండా చదివి వినిపించే మనిషి ప్రతి చెరువుకూ ఒకరుండాలి. నీటి పని తెలిసిన ఆ ఇంజనీర్ గ్రూపు మాజీ సిపాయి కంటే ఆ పనికి తగినవాడెవరు? కాస్త రసాయనశాస్త్రం, ఒక ఏడాది కోర్సు కలిపితే చాలు.

ఆ కోర్సు దగ్గరే బండి ఆగుతుంది. మెట్రిక్యులేషన్ ఉండి పదిహేనేళ్ళు సైన్యంలో పనిచేసినవారిని, డిగ్రీ అడిగే కేంద్ర గ్రూప్–సి కొలువులకు అర్హులుగా చూస్తారు. మంచిదే. కానీ అదే కాగితంతో పై చదువుకు వెళ్తే తలుపు తెరుచుకోదు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది కదా అంటారు. అది మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు. సైనికుడికి కాదు! మాజీ సైనికుల పునరావాస శాఖ శిక్షణలు ఇస్తుంది. అధికారులకైతే ఐఐఎంలలో ఆరు నెలల కోర్సులు కూడా ఉన్నాయి. అదే అమెరికాలో, మాజీ సైనికుల కోసం 1944లో తెచ్చిన చట్టంతో పన్నెండేళ్ళలో 78 లక్షలమంది మాజీ సైనికులు చదువో శిక్షణో అందుకున్నారు. వాళ్ళలో 22 లక్షలమంది కాలేజీ మెట్లెక్కారు. వాళ్ళ డబ్బు మనకు లేదు, నిజమే. అయినా సిపాయిని విద్యార్థిగా ఊహించుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

సైన్యం నుంచి వచ్చి గేటు కాక మరో దారి పట్టినవారు లేకపోలేదు. తెలుగునాట పోగుల గణేశం గారున్నారు. బ్రిగేడియర్‌గా పదవీ విరమణ చేసి, ‘పల్లె సృజన’ పెట్టి, శోధయాత్రల పేరుతో ఊరూరా కాలినడకన తిరుగుతూ చదువులేని ఆవిష్కర్తలను వెతికారు. చేనేతలో నూలు సర్దే ఆసుయంత్రం చేసిన చింతకింది మల్లేశం వెనుక నిలిచింది ఈ సంస్థే. ఆరో తరగతితో బడి మానేసిన మల్లేశం 2017లో పద్మశ్రీ అందుకున్నారు. బ్రిగేడియర్‌కు చదువూ పరిచయాలూ ఉంటాయి కాబట్టి సాగిందని మీరనవచ్చు. నేనూ అదే అంటున్నాను, హవల్దారుకు అవి ఎవరిస్తారని.

ఈ ప్రశ్నకు తొందర ఎందుకంటే, సైన్యపు కొత్త నియామక పథకం కింద తీసుకున్న అగ్నివీరుల తొలి జట్టు 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు చేరింది. నాలుగేళ్ళు నిండగానే నూటికి ఇరవై ఐదుగురి దాకా సైన్యంలో ఉంచుకుని మిగతావారిని పంపేస్తారు. చేతిలో సుమారు 11.71 లక్షల సేవానిధి ఉంటుంది. పింఛను ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. పాతికేళ్ళ అటూ ఇటూ వయసు. ఈ పథకం మంచిదా చెడ్డదా అన్న తగవు ఇక్కడ తీర్చలేను, నాకు చెడ్డగానే తోస్తుంది. ఇందులో ఒక మంచి మెలిక మాత్రం ఉంది. అగ్నివీరుల కోసం ఇగ్నో రూపొందించిన డిగ్రీలో సగం క్రెడిట్లు సైన్యంలో పొందిన శిక్షణకే ఇస్తారు.

ఇగ్నో చేయగలిగినప్పుడు కోలారు టమకలోని బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఎందుకు చేయకూడదు? సైన్యంలో చేసిన పనిని క్రెడిట్లుగా లెక్కగట్టి, నీటి పరీక్ష, ప్రాథమిక చికిత్స, వ్యాయామ బోధన లాంటి ఏడాది కోర్సుల్లో కొన్ని సీట్లు పాత సిపాయిలకు, అగ్నివీరులకు కేటాయించాలి. ప్రాక్టికల్స్ నరసాపురం చెరువు గట్టు మీద, ప్రభుత్వ బడుల్లో జరగాలి. పక్కనే ఉన్న ఫ్యాక్టరీలు సామాజిక బాధ్యత పద్దు నుంచి ఫీజు కట్టవచ్చు. కొత్త చట్టమేమీ అక్కర్లేదు. సిండికేటు ఒకసారి కూర్చుంటే సరిపోతుంది.

– కోలారువాసి