అభ్యంతరానికి బస్సు చార్జీ ఎవరిస్తారు?

రెండేళ్ల కిందట కరెంటు చార్జీల మీద బహిరంగ విచారణ జరుగుతుంటే వెళ్లి కూర్చున్నాను. వేదిక మీద విద్యుత్ నియంత్రణ కమిషన్ సభ్యులు. ఓ పక్కన కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కమ్ అధికారులు, వాళ్ల వెనక ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని కన్సల్టెంట్లు. నా పక్క కుర్చీలో ఒక రిటైర్డ్ మాస్టారు. ఒళ్లో గుడ్డసంచి, అందులో జిరాక్స్ కాగితాల బొత్తి. గుర్తు కోసం పాత బస్సు టికెట్లు అక్కడక్కడా పేజీల్లో దోపి ఉన్నాయి. విద్యుత్ కొనుగోలు ఖర్చులో ఒకే భారాన్ని రెండు చోట్ల చూపారని ఆయన అనుమానం. పొద్దున్నే వచ్చిన మనిషిని పిలిచేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ‘క్లుప్తంగా చెప్పండి’ అన్నారు. ఆయన రెండో టికెట్టు దగ్గరికి వచ్చేసరికి గంట మోగింది.

ఈ తంతు మనకు కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ కమిషన్ 1999లో వచ్చింది. మరుసటి ఏడాది చార్జీల పెంపు మీద జనం రోడ్డెక్కితే బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ గొడవలన్నీ వీధిలో కాక విచారణ గదిలో తేలాలన్నదే 2003 విద్యుత్ చట్టం ఆలోచన. జనం అభ్యంతరాలు పరిశీలించి 120 రోజుల్లో చార్జీలు తేల్చాలని 64వ సెక్షన్ చెబుతుంది. తలుపు తెరిచే ఉంది. లోపలికి వచ్చి, వేల కోట్ల లెక్కలను వరుసవారీగా తవ్వగలిగేవాళ్లు ఎందరు?

డిస్కమ్ తన వార్షిక ఆదాయ అవసరాల నివేదికలో వకీళ్ల ఫీజు, కన్సల్టెన్సీ చార్జీలు ఖర్చు కిందే రాసుకుంటుంది. కమిషన్ ఒప్పుకుంటే ఆ ఖర్చు మన బిల్లులోకి దిగుతుంది. అంటే చార్జీ పెంచమని వాదించే వకీలుకు ఫీజు ఇస్తున్నది మనమే. వద్దని వాదించే మాస్టారికి మాత్రం బస్సు చార్జీ కూడా రాదు. మన కర్రతో మన వీపే వాయించుకోవడమంటే ఇదే.

కాలిఫోర్నియాలో ఈ చిక్కు చాలా కాలం కిందటే విప్పారు. వినియోగదారుల తరఫున వాదించినవాళ్లకు పరిహారం ఇవ్వాలని 1984లో చట్టం చేశారు. అది ఊరికే ఇచ్చే డబ్బు కాదు. సొంత ఖర్చుతో వాదించడం తమకు తలకు మించిన భారమని ముందు చూపాలి. తీర్పు వచ్చాక, తమ వాదన ఆ తీర్పుకు గట్టిగా పనికొచ్చిందని నిరూపించాలి. అప్పుడు గంటల లెక్కన ఫీజు ఇస్తారు. ఆ పనికి మార్కెట్లో ఉన్న రేటే దానికి కొలత. చెల్లించేది కంపెనీ, తర్వాత దాన్ని చార్జీల్లో కలుపుకుంటుంది. 1973లో పుట్టిన టర్న్ అనే వినియోగదారుల సంస్థ ఇన్నేళ్లు వాదనలో నిలవడానికి ఈ పరిహారం పెద్ద ఆసరా.

‘అది కూడా మా నెత్తినేగా’ అంటారు. నిజమే, కానీ లెక్క చూడండి. వంద కోట్ల యూనిట్ల మీద యూనిట్‌కు ఒక్క పైసా తగ్గితే కోటి రూపాయలు. మన రెండు రాష్ట్రాల్లో ఏటా అమ్ముడయ్యే కరెంటు దానికి ఎన్నో రెట్లు. ఒక మంచి అభ్యంతరం పైసాలో పావు వంతు మిగిల్చినా చాలు, ఫీజు లోటు తీరిపోతుంది.

రెండో శంక దీనికంటే గట్టిది: డబ్బొస్తుందంటే అభ్యంతరమే వృత్తిగా పెట్టుకునేవాళ్లు తయారవుతారు, కమిషన్ చేతి డబ్బు తినేవాడు కమిషన్‌ను ఏం నిలదీస్తాడు? నాకూ ఆ భయం ఉంది. అందుకే ఎవరికి ఎంత ఇవ్వాలన్నది సభ్యుల దయకు వదలకుండా నిబంధనల్లో ముందే రాసిపెట్టాలి. కాలిఫోర్నియా పద్ధతిలో ఒక్కటి నాకు నచ్చదు. డబ్బు తీర్పు తర్వాతే చేతికొస్తుంది. అంతదాకా ఆగగలిగేది కాస్త స్థోమత ఉన్న సంస్థలే. మన దగ్గర జిరాక్సుకి, ప్రయాణానికి ముందే ఇవ్వాలి, వాదన ఫీజు తర్వాత చూసుకోవచ్చు.

మన చట్టంలో దారి లేకపోలేదు. వినియోగదారుల తరఫున మాట్లాడేందుకు తగిన వ్యక్తికి కమిషన్ అధికారం ఇవ్వవచ్చని 94వ సెక్షన్‌లోనే ఉంది. మహారాష్ట్ర కమిషన్ ఆ వీలును వాడుకుని కొన్ని సంస్థలను వినియోగదారుల ప్రతినిధులుగా గుర్తించింది కూడా. ‘ఇవ్వవచ్చు’ అని రాశారు తప్ప ‘ఇవ్వాలి’ అనలేదు, చిక్కంతా అక్కడే.

ఆ ఏడాది ఉత్తర్వు వచ్చాక మాస్టారు ఫోన్ చేశారు. ఆయన అభ్యంతరం రెండు వాక్యాల్లో అచ్చయింది. దాని కింద డిస్కమ్ జవాబు: నిబంధనల ప్రకారమే చూపాం. ఆ కింద కమిషన్ మాట: గమనించడమైనది.

‘అచ్చులో అయితే పడింది బాబూ’ అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, వచ్చే ఏడాది నివేదిక కాపీకి పేజీకి ఎంత తీసుకుంటారో కాస్త కనుక్కోమన్నారు.