ఆకాశంలో ఆరు గంటలు, నేల మీద ఎన్ని?

హైదరాబాద్ నుండి జిద్దాకు ఆకాశమార్గాన దాదాపు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి ఉదయం ఆరింటికి శంషాబాద్‌లో బయలుదేరిన హజ్ యాత్రికుడు అక్కడి కాలమానం ప్రకారం తొమ్మిదిన్నర ప్రాంతంలో దిగుతాడు. అధికారులను అడిగినా, ట్రావెల్ ఏజెంట్లను అడిగినా చెప్పేది ఈ లెక్కే.

భద్రాచలం మన్యంలోని కుటుంబానికి ఇది సగం లెక్క మాత్రమే. భద్రాచలానికి రైలు లేదు. 'భద్రాచలం రోడ్' అనే పేరున్న స్టేషన్ 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంది. హైదరాబాద్‌కు రోడ్డు మార్గం 300 కిలోమీటర్ల పైమాటే. చర్ల, దుమ్ముగూడెం వారు ముందుగా భద్రాచలం చేరుకోవాలి. అరేబియా సముద్రం దాటడానికి పట్టే సమయం కంటే ఇంటి గడప నుండి నాంపల్లి హజ్ హౌస్‌కు చేరడానికి పట్టే సమయమే ఎక్కువ. ఇటీవలి సంవత్సరాలలో హజ్ విమానాలు బయలుదేరుతున్నది ఏప్రిల్, మే నెలల్లో. ఆ నెలల్లో కొత్తగూడెం, భద్రాచలం ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. ప్రయాణికుల్లో ఎక్కువమంది వయసు మళ్లినవారు.

నేరుగా జిద్దాకు వెళ్లేవారికి మరో సంగతి కూడా ఉంది. విమానం దిగక ముందే మీఖాత్ దాటుతుంది. అందుకే ఇహ్రామ్ ధరించడం హైదరాబాద్‌లోనే పూర్తి చేసుకోవడం మేలు. రాత్రంతా బస్సులో కుదుపులు తిన్న వృద్ధునికి స్నానానికి, నమాజుకు, కాసేపు నడుం వాల్చడానికి వ్యవధి కావాలి. మొదట మదీనాకు వెళ్లేవారికి ఈ తొందర లేదు.

ఇక సరిహద్దు తెచ్చిన చిక్కు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, దాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. హజ్ కోటా రాష్ట్రాల వారీగా కేటాయిస్తారు కనుక అన్న ఇక్కడ, తమ్ముడు అక్కడ ఉంటే ఇద్దరి దరఖాస్తులూ వేర్వేరు కోటాల్లోకి వెళ్తాయి. 2023లో విజయవాడ నుండి హజ్ విమానాలు మొదలైనప్పుడు చింతూరు, కూనవరం వారికి మార్గం సుగమమైందనుకున్నాం. తీరా చూస్తే అక్కడి ఛార్జీ హైదరాబాద్ కంటే చాలా ఎక్కువ. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి 80,000 రూపాయల చొప్పున భరించవలసి వచ్చింది. హజ్ సబ్సిడీ 2018లోనే ముగిసింది. ఏటా ఒక ప్రభుత్వ దయ మీద ఆధారపడే విమానాశ్రయం పేదవాడికి దగ్గరదని ఎలా అనగలం?

మేము సబ్సిడీని తిరిగి ఇమ్మని అడగడం లేదు. విమానం తేదీకి రెండు రోజుల ముందు భద్రాచలం నుండి కొత్తగూడెం, ఖమ్మం మీదుగా హజ్ హౌస్‌కు ఒక ఆర్టీసీ బస్సు నడపాలి. హైదరాబాద్‌ను ఎంచుకున్న ఆంధ్రప్రదేశ్ వైపు యాత్రికులనూ అందులో ఎక్కించుకునేలా రెండు రాష్ట్రాల హజ్ కమిటీలు ఒప్పందానికి రావాలి. తర్బియతీ క్యాంపు, టీకాలు భద్రాచలంలోనే జరగాలి. గోదావరికి ఇరువైపులా ఉన్న మస్జిద్ కమిటీలు ఈ ఏటి దరఖాస్తుదారుల పేర్లు, ఊళ్లు ఒకే జాబితాగా రాసి, లాటరీకి ముందే రెండు కమిటీలకూ అందజేయాలని కోరుతున్నాం.