ఆ హామీ షూటింగ్‌తో ముగిసిపోకూడదు

సినిమా మొదలయ్యే ముందు పొగాకు హెచ్చరికతో పాటు ఇంకో వాక్యం తెర మీద కనిపించి పోతుంది. ఈ చిత్ర నిర్మాణంలో ఏ జంతువుకూ హాని జరగలేదని దాని సారాంశం. సీటు వెతుక్కునే హడావిడిలో చాలామంది దాన్ని చూడరు. చూసినవాళ్లు నమ్మి ఊరుకుంటారు. నేను అడిగేది ఒక్కటే. ఆ మాట ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుంది? కెమెరా తిరిగిన కొద్ది గంటలకేనా? లేక ఆ జంతువును మచ్చిక చేసిన రోజు నుంచి, సినిమా ఆడి వెళ్లిపోయాక అది బతికే ఏళ్లన్నిటికీనా? ఇవాళ మనకు దక్కుతున్న హామీ మొదటి దానికే. రెండోది కూడా కావాలని నా వాదన.

నటుడు కథ వింటాడు, డేట్లు ఇస్తాడు, పారితోషికం మాట్లాడుకుంటాడు. హీరోకు బదులు మేడ మీంచి దూకే డూప్‌కు కూడా కింద పరుపు వేశారో లేదో చూసుకునే వీలుంటుంది, నా వల్ల కాదని చెప్పే నోరుంటుంది. గుర్రానికి ఇవేవీ లేవు. అక్కడ జరుగుతున్నది ఉత్తుత్తి యుద్ధమని దానికి చెప్పగలిగేవాళ్లు లేరు. దాని మటుకు దానికి పేలుడు నిజం, మంట నిజం. తెర మీద మనం మెచ్చుకునే ఆ బెదురు చూపు చాలాసార్లు అసలైన బెదురే. ఒప్పుకోవడానికీ కాదనడానికీ వీల్లేని ప్రాణిని పనిలో పెట్టుకుంటే దాని మంచిచెడ్డలు పెట్టుకున్నవాళ్లే చూడాలి.

ఆ వాక్యం ఎలా పుట్టిందో తెలిస్తే దాని విలువా దాని లోపమూ రెండూ తెలుస్తాయి. 1930ల్లో హాలీవుడ్‌లో పరుగెత్తే గుర్రాన్ని పడగొట్టడానికి 'రన్నింగ్ డబ్ల్యూ' అనే పద్ధతి ఉండేది. గుర్రం ముందుకాళ్లకు గిట్టల పైభాగాన సన్నటి తీగలు కట్టేవారు. వాటిని పొట్ట కింద జీను పట్టీకి ఉన్న రింగులోంచి లాగి, రెండో కొసను భూమిలో పాతిన మొద్దుకు బిగించేవారు. రౌతు గుర్రాన్ని దౌడు తీయిస్తాడు. తీగ పొడవు అయిపోగానే ముందుకాళ్లు రెండూ ఒక్క లాగుతో పొట్ట కిందికి పోతాయి, గుర్రం తలకిందులుగా కూలుతుంది. ఎక్కడ కూలుతుందో రౌతుకు ముందే తెలుసు కాబట్టి పక్కకు దూకడానికి సిద్ధంగా ఉంటాడు. గుర్రం మాత్రం ఆ క్షణం దాకా రౌతును నమ్మి పరుగెత్తుతూనే ఉంటుంది. 1936లో వచ్చిన 'ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' యుద్ధ దృశ్యాల్లో ఇలా గుర్రాలు చనిపోవడం చూసి ఆ సినిమా కథానాయకుడు ఎరల్ ఫ్లిన్నే మండిపడ్డాడు.

1939లో 'జెస్సీ జేమ్స్' వచ్చింది. రౌతు గుర్రంతో సహా ఎత్తయిన కొండ మీంచి నీళ్లలోకి పడే దృశ్యం కోసం ఒక గుర్రాన్ని జారుడు పలక మీంచి కిందికి వదిలారు. అది చనిపోయింది. ఈ సంగతి బయటికి పొక్కాక జనాగ్రహం పెరిగింది. 1940లో అమెరికన్ హ్యూమేన్ అసోసియేషన్ హాలీవుడ్‌లో ఆఫీసు తెరిచి సెట్ల మీద కన్నేసి ఉంచడం మొదలుపెట్టింది. జంతువులకు హాని జరగలేదన్న వాక్యం 1972లో 'ది డాబర్‌మన్ గ్యాంగ్' చివర మొదటిసారి కనిపించింది. నడుమ కొన్నేళ్లు ఆ సంస్థను సెట్లలోకి రానివ్వని కాలమూ ఉంది. 1980 నాటి 'హెవెన్స్ గేట్' షూటింగులో గుర్రాలు చనిపోయాక నటుల సంఘం, నిర్మాతలు కూర్చుని పర్యవేక్షణకు మళ్లీ చోటిచ్చారు. ప్రతిసారీ ఒక చావు, దాని మీద జనం కోపం, ఆ తర్వాతే ఒక నియమం. ఆ వాక్యాన్ని మనకెవరూ దయతలచి ఇవ్వలేదు. కనుక దాన్ని మరింత గట్టిగా రాయించుకునే హక్కు కూడా ప్రేక్షకులకే ఉంది.

ఇక దాని లోపం. న్యూజిలాండ్‌లో తీసిన 'ది హాబిట్' సినిమాల కోసం తెచ్చిన గుర్రాలు, మేకలు, గొర్రెలు, కోళ్లలో ఇరవైకి పైగా చనిపోయాయని వాటిని చూసుకున్నవాళ్లే 2012లో బయటపెట్టారు. అవి సెట్టు మీద చనిపోలేదు. షూటింగ్ లేని వేళ ఉంచిన పొలంలో గుంతల్లో పడి, కంచెలకు చిక్కి, కుక్కల బారినపడి పోయాయి. చిత్రీకరణ జరిగే చోటు దాటితే తమకు అధికారం లేదని పర్యవేక్షక సంస్థ చెప్పింది. అది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. తెర మీది వాక్యం అబద్ధం కాకుండానే జంతువులు చచ్చిపోవచ్చు. అదే ఏడాది పర్యవేక్షణ నడుస్తుండగానే మూడు గుర్రాలు చనిపోవడంతో 'లక్' అనే గుర్రప్పందేల సీరియల్‌ను హెచ్‌బీఓ ఆపేసింది.

సినిమా అయిపోయాక ఏమవుతుందనే ప్రశ్నకు కీకోను మించిన ఉదాహరణ లేదు. 1993లో 'ఫ్రీ విల్లీ' ప్రపంచాన్ని ఏడిపించింది. కొలనులో బందీగా ఉన్న ఓర్కా అనే తిమింగలాన్ని ఒక పిల్లవాడు సముద్రంలోకి విడిపించే కథ. విల్లీ వేషం వేసింది కీకో. ఐస్‌లాండ్ దగ్గర 1979లో పసితనంలోనే పట్టుకున్నారు దాన్ని. చేతులు మారి చివరికి మెక్సికో నగరంలోని ఒక వినోద పార్కుకు చేరింది. సినిమాలో విల్లీ గట్టు మీంచి ఎగిరి సముద్రంలో పడి స్వేచ్ఛ పొందింది. ఆ దృశ్యానికి థియేటర్లు చప్పట్లు కొడుతుంటే కీకో తన ఒంటికి సరిపడని ఇరుకు కొలనులో, దాని జాతికి పడని వెచ్చని నీళ్లలో, బరువు తగ్గి, ఒంటి మీద పుళ్లతో ఈదుతూనే ఉంది.

ఆ సంగతి తెలిశాక పిల్లలు ఉత్తరాలు రాశారు, చందాలు పంపారు. దాని కోసమే ఒక ఫౌండేషన్ పుట్టింది. 1996లో విమానంలో ఓరెగాన్‌కు తీసుకెళ్లి చల్లటి సముద్రపు నీటి కొలనులో ఉంచితే పుళ్లు మానాయి, ఒళ్లు చేసింది. 1998లో ఐస్‌లాండ్ తీరానికి తరలించి మెల్లమెల్లగా సముద్రం అలవాటు చేశారు. 2002లో అది తనంతట తానే ఈదుకుంటూ నార్వే చేరింది. అక్కడా మనుషుల దగ్గరికే వచ్చింది. పిల్లల్ని వీపెక్కించుకుంది. ఇరవయ్యేళ్లకు పైగా మనుషుల మధ్యే బతికిన ప్రాణికి తన మంద భాష తెలియలేదు. 2003 డిసెంబరులో న్యుమోనియాతో చనిపోయింది. రెండు కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన ఆ ప్రయత్నం వృథా అని కొందరంటారు. నేను అనను. దాని చివరి ఏళ్లు చల్లటి నీళ్లలో, సముద్రంలో గడిచాయి. కానీ ఆ పని చేయించడానికి లక్షలాది పిల్లల ఉత్తరాలు కావలసి రావడం నాకు మింగుడుపడదు. కీకో తర్వాతి బతుకు సంగతి కెమెరా ఆన్ కాకముందే కాగితం మీద ఉండాల్సింది.

ఇది అసాధ్యం కాదనడానికి లాసీ అనే సినిమా కుక్క ఉంది. 1943 నాటి 'లాసీ కమ్ హోమ్'లో ఆ ఆడకుక్క పాత్ర వేసింది పాల్ అనే మగ కోలీ. మోటారు సైకిళ్ల వెంట పడే దాని దురలవాటు మాన్పించమని యజమాని రడ్ వెదర్‌వాక్స్ అనే శిక్షకుడికి అప్పగించి, ఇవ్వాల్సిన ఫీజు కింద కుక్కనే వదిలేశాడు. ముందు దాన్ని డూప్‌గానే తీసుకున్నారు. నది దాటే దృశ్యంలో అది ఈదిన తీరు, ఒడ్డెక్కి అలసిపోయినట్టు కూలబడిన తీరు చూసి ప్రధాన పాత్రే ఇచ్చేశారు. 1954లో టీవీ సీరియల్ మొదలయ్యే నాటికి పాల్ ముసలిదయింది. దాని పని కొడుకు అందుకున్నాడు. పాల్ మాత్రం వెదర్‌వాక్స్ ఇంటి కుక్కగానే ఉండి, 1958లో పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన దగ్గరే కన్నుమూసింది. నేర్పినవాడే చివరిదాకా సాకాడు. పని అయ్యాక ఎక్కడ ఉండాలనే ప్రశ్నే దానికి ఎదురవలేదు.

మన దగ్గర సినిమాకూ జంతువుకూ బంధం పాతదే. దేవర్ ఫిలిమ్స్ చిన్నప్ప దేవర్ ఏనుగులతో, పొట్టేళ్లతో కథలు అల్లి జనాన్ని థియేటర్లకు రప్పించారు. 1971లో 'హాథీ మేరే సాథీ'లో రాము అనే ఏనుగు చనిపోతే దేశం కన్నీళ్లు పెట్టుకుంది. 1978లో అదే సంస్థ 'పొట్టేలు పున్నమ్మ'ను తెలుగు ఊళ్లకు తెచ్చింది. 'అడవి రాముడు' అనగానే ఎన్టీఆర్ పక్కన ఏనుగు గుర్తుకొస్తుంది. 1993లో 'రాజేంద్రుడు గజేంద్రుడు' చూసి అందరం పడి పడి నవ్వాం. ఇంటికొచ్చిన ఏనుగుకు తిండి పెట్టలేక హీరో పడే అవస్థ అందులో హాస్యం. నిజ జీవితంలో ఆ ప్రశ్నకు నవ్వు రాదు. ఎదిగిన ఏనుగు రోజుకు దాదాపు 150 కిలోల మేత తింటుంది, అరవై ఏళ్లకు పైగా బతకగలదు. సినిమాకు దానితో పని కొన్ని వారాలు. మిగిలిన ఏళ్లన్నిటి మేత ఎవరిది?

మన చట్టం బలహీనమేమీ కాదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలకు శిక్షణ ఇచ్చి ఆడించడాన్ని 1998లో కేంద్రం నిషేధించింది. అదే చట్టం కింద వచ్చిన 2001 నియమావళి ప్రకారం జంతువుకు దాని సహజ స్వభావానికి తగిన పనే నేర్పాలి. జబ్బుపడినదాన్ని, గాయపడినదాన్ని, చూడితో ఉన్నదాన్ని పనికి పెట్టకూడదు. దగ్గరలో కావాలని పెద్ద శబ్దాలు చేయకూడదు, మంట దగ్గరికి తీసుకెళ్లకూడదు. జంతువులను వాడిన సినిమాకు జంతు సంక్షేమ బోర్డు అనుమతి లేనిదే సెన్సార్ సర్టిఫికెట్ రాదు. ఇంత ఉన్నా 2021లో హైదరాబాద్ శివార్లలో ఒక భారీ చారిత్రక చిత్రం షూటింగులో గుర్రం చనిపోయి పోలీసు కేసు నమోదయింది. కారణం ఒక్కటే అని నా నమ్మకం. అనుమతి సినిమాకు ఇస్తున్నాం, జంతువుకు కాదు. ఒక సినిమాలో ఎనిమిది గంటలు పరుగెత్తిన గుర్రం మర్నాడు ఇంకో సినిమాకు వెళితే రెండు సినిమాల కాగితాలూ సక్రమంగానే ఉంటాయి. గుర్రం ఒళ్లు మాత్రం ఒక్కటే.

గ్రాఫిక్స్ వచ్చాయిగా, ఇక ఈ బాధ ఎందుకని అడగవచ్చు. అడవి జంతువుల విషయంలో నేనూ అదే అంటాను. 'లైఫ్ ఆఫ్ పై'లోని పులికి ప్రాణం పోసినవాళ్లలో హైదరాబాద్ స్టూడియోలో కూర్చుని పనిచేసినవాళ్లూ ఉన్నారు. ఆ సినిమా వచ్చిన 2012లోనే 'ఈగ' ఒక కంప్యూటర్ ఈగతో రెండు గంటల కథ నడిపించింది. 'ఆర్‌ఆర్‌ఆర్'లో లారీలోంచి దూకిన మృగాలన్నీ కంప్యూటర్లో పుట్టినవే. ఇంత నైపుణ్యం ఇంటి ముంగిట ఉన్నప్పుడు నిజం పులిని బోనెక్కించి తేవాల్సిన పని లేదు. 'లైఫ్ ఆఫ్ పై' కూడా కొద్ది దృశ్యాలకు నిజం పులుల్ని వాడింది. వాటిలో కింగ్ అనే పులి నీళ్లలో దాదాపు మునిగిపోయిందని పర్యవేక్షకురాలు రాసిన ఈమెయిల్ 2013లో బయటపడింది. పులికి హాని జరగలేదని పర్యవేక్షక సంస్థ సమాధానం చెప్పుకుంది. ఆ కాసిని షాట్లు కూడా గ్రాఫిక్స్‌తోనే తీసి ఉంటే ఆ సమాధానం అవసరమే ఉండేది కాదు.

కానీ కుక్కనూ, ఆవునూ, దుక్కిటెద్దునూ తెర మీంచి పూర్తిగా తీసేయాలని నేను కోరను. అవి మన బతుకులో ఉన్నాయి, మన కథల్లోనూ ఉండాలి. వాటిని మేపి, నేర్పి, సెట్టుకు తెచ్చే కుటుంబాల కూడు కూడా ఆ పనితోనే ముడిపడి ఉంది. వాళ్లను దోషులుగా నిలబెట్టడం తేలిక, అన్యాయం కూడా. గుర్రానికి రోజు కిరాయి మాత్రమే ఇచ్చి, విశ్రాంతి రోజుకు పైసా ఇవ్వకపోతే యజమాని దాన్ని రోజూ పనికి పంపక ఏం చేస్తాడు?

అందుకే నేను కోరేవి కాగితం మీద రాయగలిగిన పనులే. సినిమాల్లో పనిచేసే ప్రతి జంతువుకూ ఒక ఆరోగ్య పుస్తకం ఉండాలి. ఏ రోజు ఏ సెట్టులో ఎన్ని గంటలు పనిచేసిందో, పశువైద్యుడు ఏం చెప్పాడో అందులో ఎక్కాలి. ఆ పుస్తకం చూడకుండా తర్వాతి సినిమాకు అనుమతి ఇవ్వకూడదు. సెట్టు మీదే కాదు, రాత్రి కట్టేసే చోటునూ, తరలించే లారీనీ తనిఖీ చేసే అధికారం పర్యవేక్షకుడికి ఉండాలి. నిర్మాత ఇచ్చే కిరాయిలో విశ్రాంతి రోజుల మేతకూ, పని చేయలేని వయసు వచ్చాక పోషణకూ కొంత భాగం విడిగా జమ కావాలి. కార్మికుడికి భవిష్య నిధి ఉండాలని ఒప్పుకున్న సమాజానికి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. కోట్లు పెట్టి సెట్లు వేసి కూల్చేసే పరిశ్రమకు ఇది మోయలేని భారమూ కాదు.

తెలుగు సినిమా ఇవాళ దేశానికి సాంకేతికత నేర్పుతోంది. ఈ విషయంలోనూ ముందు నడవాల్సింది మనమే. ఫిల్మ్ ఛాంబర్ ఒక తీర్మానం చేసి ఆ ఆరోగ్య పుస్తకాన్ని తప్పనిసరి చేస్తే చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. మనం కూడా అడగాలి. పాత హీరో పుట్టినరోజును గుర్తుపెట్టుకునే అభిమానులం, మనల్ని నవ్వించి ఏడిపించిన గుర్రం, ఏనుగు ఇప్పుడు ఎక్కడున్నాయో, ఎలా ఉన్నాయో నిర్మాతను అడగడం మొదలుపెడితే, జవాబు సిద్ధం చేసుకోకుండా ఏ నిర్మాతా జంతువును సెట్టుకు పిలవడు.