సంపాదకుని మాట: వాదన మన నేలమీదా జరిగింది

శివరాత్రికి దోర్నాల మీదుగా శ్రీశైలం నడిచేవాళ్ల గుంపులు మార్కాపురం వైపు కనిపించే రోజులివి. అందుకే ఈ సంచిక మల్లికార్జున పండితారాధ్యుడిది.

దేవుణ్ణి తర్కంతో తేల్చిన మధ్యయుగ పండితులంటే యూరప్ మఠాలే గుర్తొస్తాయి. 12వ శతాబ్దంలో మన భాషలోనే ఆ పని చేసినవాడిని శతకాల చరిత్రలో ఓ పేరాతో సరిపెట్టడం మాకైతే అన్యాయమనిపిస్తుంది. 'శివతత్త్వసారము' కందపద్యాలు చూడండి: అద్వైతాన్ని ఖండిస్తూనే శివుణ్ణి నేరుగా పిలుస్తాడు. ప్రతివాది ఎదుట, దేవుడు పక్కన! వేదాన్నీ వర్ణాచారాన్నీ కాదన్న బసవేశ్వరుడంటే ప్రాణం, అయినా తాను వాటిని వదల్లేదు. ఈ పేచీపై మా రచయితలకే ఏకాభిప్రాయం లేదు, మేం కుదర్చనూ లేదు.

ఆయన జీవితం మనకు ఎక్కువగా తెలిసేది పాల్కురికి సోమనాథుని ద్విపద 'పండితారాధ్య చరిత్ర' వల్ల. భక్తుడు రాసిన కథ కనుక మహిమల్ని మహిమలుగానే చదివాం. అందులో వాద ప్రకరణం పండితులకైతే, పర్వత ప్రకరణం అందరికీ: శ్రీశైల యాత్రికులు, వాళ్ల తుమ్మెదపదాలు, పర్వతపదాలు. ఆ కొండకు తూర్పు వాకిలి మన త్రిపురాంతకమే. వ్యాసాలు ఏ వరుసలో చదివినా ఫర్వాలేదు; విభేదిస్తే మాత్రం ఉత్తరం రాయండి.