ఆగమమై వచ్చి ఆదేశం కావాలి

వ్యాకరణంలో ఆగమానికీ ఆదేశానికీ గల భేదం పిల్లలకు ఒక పట్టాన బోధపడదు. ఆగమం మిత్రుని వంటిది; వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువు వంటిది. ఉన్నదానిని తొలగించి ఆ స్థానంలో తాను నిలుస్తుంది. ఏళ్ళ తరబడి చెప్పిన ఈ పాఠం పదవీ విరమణ తరువాత ఒక మైక్రోకంట్రోలర్ ముందు మళ్ళీ జ్ఞాపకం వచ్చింది.

నా పూర్వ విద్యార్థి ఒకడు మిరప చేలో నేల తేమను గంటగంటకూ నమోదు చేసే చిన్న పరికరం తయారు చేశాడు. బిళ్ళ బ్యాటరీతో ఏడాది నడవాలని అతని సంకల్పం. బల్ల మీద చక్కగా నడిచింది. చేలో పెట్టి నెల తరువాత తెరిస్తే ఒక్క అంకె లేదు, బ్యాటరీ అయిపోయింది. "మాస్టారూ, గడియారం మార్చే చోట దెబ్బతిన్నాను" అన్నాడు.

అతడు వాడినది ఎంఎస్‌పీ430 కుటుంబంలోని ఎఫ్2 శ్రేణి చిప్పు. అందులో పని మొదలయ్యేది లోపలి డీసీవో అనే గడియారంతో. అది క్షణంలో మేలుకుంటుంది కానీ అంత కచ్చితమైనది కాదు. రెండవది బయట అమర్చే క్వార్ట్జ్ స్ఫటికం. సెకనుకు 32,768 కంపనాలు. ఆ సంఖ్యను పదిహేనుమార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. సెకను లెక్క సరిపోతుంది. ఆ గడియారం ఒక్కటే నడుస్తూ చిప్పు నిద్రిస్తే సుమారు ఒక మైక్రో ఆంపియరుతో సరి. మేలుకొని పనిచేస్తే కొన్ని వందలు కావాలి. అయితే స్ఫటికం కుదురుకోవడానికి వందల మిల్లీసెకన్లు పట్టవచ్చు.

అందుకే మార్పిడికి ఒక క్రమం ఉన్నది. స్ఫటికాన్ని మేల్కొలపాలి. దోషసూచికను చెరపాలి. కనీసం 50 మైక్రోసెకన్లు ఆగాలి. సూచిక మళ్ళీ లేచిందేమో చూడాలి. లేస్తే మొదటికి రావాలి. లేవకపోతేనే పని అప్పగించాలి. అప్పగించే క్షణంలో సగం తెగిన స్పందన రాకుండా చిప్పే సంధి కుదుర్చుకుంటుంది. కానీ వచ్చేవాడు బ్రతికి ఉన్నాడా అని విచారించవలసినది ప్రోగ్రాము వ్రాసేవాడే. అంటే కొత్త గడియారం ముందు ఆగమంగా వచ్చి పాతదాని పక్కన నిలవాలి. నిలకడ ఋజువైన పిదపనే ఆదేశం కావాలి.

మావాడు ఇదంతా పాటించాడు. మరి తప్పెక్కడ? "సూచిక లేవకుండా ఉండేవరకు తిరుగు" అని వ్రాశాడు. ఎంతసేపు అన్నది వ్రాయలేదు. మంచు తేమ పలక మీద చేరి, స్ఫటికం కాళ్ళ మధ్య విద్యుత్తు కారి, అది కంపించనే లేదు. చిప్పు మెలకువగా ఎదురుచూస్తూ ఉండిపోయింది. సుమారు 220 మిల్లీ ఆంపియరు గంటల బ్యాటరీని 300 మైక్రో ఆంపియర్ల చొప్పున వాడితే ముప్పై రోజులు. నెలకు లెక్క సరిగ్గా కుదిరింది.

"చెడ్డ గడియారానికి మారలేదు కదా, అదే క్షేమం" అనేవారున్నారు. నేనొప్పుకోను. రాని అతిథి కోసం విస్తరి ముందు కూర్చొని ఇంటిల్లిపాదీ పస్తుండడం మర్యాద అనిపించుకోదు. నిరీక్షణకు అవధి ఉండాలి. రెండు సెకన్లలో స్ఫటికం కుదురుకోకపోతే, ఆ చిప్పులోనే ఉన్న సుమారు 12 కిలోహెర్ట్జ్ పొదుపు గడియారాన్ని ఆశ్రయించి, జరిగిన లోపాన్ని జ్ఞాపకంలో వ్రాసి, టైమరు లెక్కలను ఆ వేగానికి సవరించి, పని సాగించాలి. తరువాత మళ్ళీ స్ఫటికాన్ని పిలిచి చూడవచ్చు. గంట కొంత అటూ ఇటూ అయితే కావచ్చు. రైతుకు కావలసినది తేమ కానీ సెకను కాదు.

నమూనా ప్రోగ్రాముల్లో ఈ అవధి తరచు కనిపించదు. క్రమాన్ని నేర్పేవారు, ఆ క్రమం విఫలమైనప్పటి గతిని కూడా అదే పాఠంలో నేర్పాలని నా అభిప్రాయం. సూత్రం చెప్పి అపవాదం చెప్పని పంతులు సగం పాఠమే చెప్పినట్లు.

మావాడు పలకకు తేమ అంటని పూత పూశాడు, నిరీక్షణకు అవధి పెట్టాడు. రెండింటిలో ఏది ముఖ్యమని అడిగితే రెండవదే అన్నాను. పూత ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది.