ఉయ్యాల స్ప్రింగు

మా మనుమరాలి బారసాలకు రెండు దినములు ముందు, దూలమునకును చీర ఉయ్యాలకును నడుమ తగిలించు స్ప్రింగు నొకదానిని కొనుటకై ఊరిలోని ఇనుపసామానుల అంగడికి పోయి, అది ఎంత బరువు మోయునని అడిగితిని. అంగడివాడు చిరునవ్వు నవ్వి, "పాపాయే కాదు బాబుగారూ, మీరెక్కి ఊగినా దానికేం కాదు" అనెను. ఆ స్ప్రింగుపై గాని, దానిని చుట్టిన కాగితముపై గాని ఒక్క అంకెయైనను లేదు. బియ్యపు సంచిపై తూకము, మందుసీసాపై గడువు, లిఫ్టులో ఎక్కదగిన మనుష్యుల సంఖ్య కనబడనిచో సణుగుకొను మనము, నెలలు నిండని శిశువును గాలిలో నిలుపు తీగచుట్టను మాత్రము అంగడివాని చిరునవ్వును నమ్మి యింటికి తెచ్చుకొనుచున్నాము.

స్ప్రింగుల శాస్త్రము క్రొత్తది కాదు. రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న నియమమును ఇతరులు తమదనకుండునట్లు 1676లో అక్షరములను తారుమారు చేసి పొడుపుకథవలె ప్రకటించి, రెండేండ్లు గడచిన పిమ్మట, 1678లో, దానిని విప్పి చెప్పెను: లాగు బలమెంతయో సాగుటయు నంతయే. అయితే ఈ నియమము స్ప్రింగు ఎంత సాగునో చెప్పును గాని ఎప్పుడు తెగునో చెప్పదు. స్ప్రింగును లాగినప్పుడు తీగయే సాగుచున్నదని మనమనుకొందుము. నిజమునకు తడిబట్టను పిండునప్పటివలె ఆ తీగ తన పొడవునా మెలిపడుచుండును. కావుననే దాని బిగువు తీగ లావును బట్టి విపరీతముగా మారును. తక్కినవన్నియు సమానముగా నుండి, 2 మిల్లీమీటర్ల తీగకు బదులు 4 మిల్లీమీటర్ల తీగ వాడినచో బిగువు రెట్టింపగునని తోచును. కాని అది 16 రెట్లగును. 2 మిల్లీమీటర్లకు మారుగా 2.2 మిల్లీమీటర్ల తీగయైనను, కంటికానని ఆ భేదముచేతనే, బిగువు దాదాపు సగము పెరుగును. చుట్టు వ్యాసము రెట్టింపైనచో బిగువు ఎనిమిదవ వంతునకు దిగును. చుట్ల సంఖ్య రెట్టింపైనచో సగమగును. చేతితో లాగి చూచి స్ప్రింగును ఎన్నుకొనువాని నేర్పు ఎంతటిదో దీనిని బట్టి ఊహింపవచ్చును.

అంగళ్ళలో ముందుగా చేతికందునది రెండు కొసల యందును కొక్కెములు గల సాగుడు స్ప్రింగు. మోటారు సైకిలు స్టాండును పైకి లాగి పట్టియుంచునది ఈ జాతిదే. దీని చుట్లు ఒకదాని నొకటి అంటి బిగుసుకొని యుండును. ఆ బిగువును మించిన బరువు పడువరకు అవి విడివడవు. కనుక మిక్కిలి గట్టిది తెచ్చి వ్రేలాడదీసిన యింట, గట్టిది తెచ్చితిమన్న తృప్తియే గాని, పసికందు బరువునకు స్ప్రింగు పలుకనే పలుకదు. ఇది చిన్న లోపము. పెద్ద లోపము కొక్కెమునందున్నది. చుట్ట ప్రధానముగా మెలిని మాత్రమే భరించుచుండగా, చుట్టనుండి కొక్కెమునకు తిరుగు వంపు కడ మెలికి తోడు వంగుడు బలమును వచ్చి చేరును. వేలకొలది ఊపులకు అలసిన తీగ తరచుగా అచ్చటనే విరుగును. అంతకంటె భయపెట్టునది దీనికి హద్దనునది లేకపోవుట. లాగినకొలది సాగి సాగి, తుదకు చుట్లు మరల దగ్గర కాక వదులై, లేదా కొక్కెము విచ్చుకొని, పట్టినదానిని పట్టినట్లే విడిచిపెట్టును. అమెరికాలో ఇండ్ల మోటారు కొట్టముల తలుపులకు ఇట్టి స్ప్రింగులు వాడునప్పుడు, విరిగిన ముక్క ఎగిరి మనుష్యుని తాకకుండ ఆ స్ప్రింగుల నడుమగా ఒక రక్షణ తీగను దూర్చి కట్టుదురు. తలుపునకు పాటించు జాగ్రత్త తొట్టెలకు అక్కరలేదా?

డ్రాబారు స్ప్రింగు అని మఱియొక జాతి కలదు. పేరు పరాయిదైనను యుక్తి సులభము. చుట్లు ఎడముగా నుండి నొక్కిన నలుగు స్ప్రింగు నొకదానిని గైకొని, జడపిన్నువలె మడచిన రెండు లావుపాటి తీగలను చెరియొక కొసనుండి లోనికి దూర్చి, వాని మొనలను ఆవలి కొసకు తగిలింతురు. పైతీగ స్ప్రింగు అడుగును పట్టి పైకి లాగును. క్రిందితీగ దాని తలను పట్టి క్రిందికి లాగును. అనగా మనము లాగుచున్నను స్ప్రింగు సాగదు, నలుగును. చుట్లన్నియు ఒకదానిపై నొకటి కూర్చున్నంతనే ఇక కదలదు. అదియే దాని హద్దు. ఒకవేళ నడుమ చుట్టు తెగినను ముక్కలు ఆ రెండు తీగల కౌగిటనే చిక్కుకొని యుండును గనుక ఉయ్యాల కొంత జారి నిలుచును గాని నేలగూలదు. దీనికి వెల కొంత ఎక్కువ, ఆకారము మోటు, విడిచుట్ల నడుమ పిల్లల వ్రేళ్ళు నలుగు భయము కలదు గనుక చేతికందని ఎత్తున తగిలింపవలెను. లోని తీగలు సన్ననివైనచో ఈ సుగుణములన్నియు వ్యర్థములు. అయినను మనుష్యుని మోయుచోట ఈ రెంటిలో దేనిని ఎన్నుకొనవలెనన్న ప్రశ్నకు నా మనస్సున రెండవ సమాధానము లేదు.

బరువు లెక్కించునప్పుడు శిశువును మాత్రమే తూచి ఊరకుండరాదు. చీర, అడుగు బద్దలు, పరుపు, చూచుచుండగా ఎక్కి కూర్చుండు అన్నగారు, అన్నియు చేరవలెను. బరువును మెల్లగా దింపక ఒక్కుమ్మడి వదలినచో డ్రాబారు స్ప్రింగు నలుగవలసినదానికి ఇంచుమించు రెట్టింపు నలుగును. తళతళ మెరయు పూతను చూచి మోసపోరాదు. గట్టి ఉక్కుతీగకు జింకు పూత పూయునప్పుడు ఉదజని లోనికి చొచ్చి తీగను పెళుసుబరచును. పూత పూసిన వెంటనే దాదాపు 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు కాల్చినగాని అది వదలదు, ఆ కాల్చుట జరిగినదో లేదో మన కంటికి తెలియదు. కాకినాడ, విశాఖపట్నము వంటి సముద్రపుటూళ్ళ ఉప్పుగాలికి తుప్పు పట్టని ఉక్కుది మేలు. ఏ జాతిదైనను, దూలమునుండి ఉయ్యాల వరకు స్ప్రింగు ప్రక్కగా ఒక గట్టి తాడును వదులుగా కట్టుట మఱువరాదు. ఇది శాస్త్రమెఱుగని మా అమ్మమ్మ చెప్పిన మాట.

స్ప్రింగు తీగకు ఐ.యస్. 4454 అను భారతీయ ప్రమాణము కలదు. ఆ ప్రమాణపు తీగతో చేసినదో, పాత ఇనుమునుండి తీసినదో కొనువాడెట్లు గుర్తించును? ఉయ్యాల స్ప్రింగులు చేయించు వర్తకులారా, ప్రతిదానికిని చిన్న రేకుబిళ్ల నొకదానిని తగిలించి, మోయదగిన బరువు ఇంత, సాగదగిన హద్దు ఇంత అని రెండంకెలు ముద్రింపుడు.