వేడి లెక్క లేని పునాదికి బిల్లు ఇవ్వొద్దు!

మంగళగిరి, తాడేపల్లి, తుళ్లూరు ప్రాంత ప్రజలకు, ఇంజనీర్లకు, బిల్డర్లకు విజ్ఞప్తి



2025 మే నుంచి అమరావతి రాజధాని పనులు మళ్లీ ఊపందుకున్నాయి. మన నల్లరేగడి నేలలో ఎత్తయిన కట్టడాల కింద మందపాటి రాఫ్ట్ పునాదులు పడుతున్నాయి. ఇనుము ఎంత వేశారని, ఎన్ని గంటల్లో పోశారని అడుగుతున్నాం. లోపల ఎంత వేడెక్కిందని ఎవరమూ అడగడం లేదు.

సిమెంట్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఇంటి స్లాబు పలచన కాబట్టి ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. రెండు మూడు మీటర్ల పునాదిలో నడిమధ్యనే నిలిచిపోతుంది. ఘనమీటరుకు 400 కిలోల సిమెంట్ వేస్తే అక్కడ 40 డిగ్రీల దాకా వేడి పెరగొచ్చు. అంటే 35 డిగ్రీల దగ్గర పోసిన కాంక్రీట్ 75కు చేరుతుంది. లోపలిది ఉబ్బుతుంది, పైపొర చల్లారి ముడుచుకుంటుంది. ఇంకా పచ్చిగా ఉన్న కాంక్రీట్ ఆ లాగుడుకు తట్టుకోలేక పగులుతుంది. అందుకే లోపలి వేడికీ పైపొర వేడికీ తేడా 20 డిగ్రీలు మించకుండా చూస్తారు. లోపల 70 దాటితే, తేమ తగిలే చోట ఏళ్ల తర్వాత కాంక్రీట్ ఉబ్బి పగిలే ముప్పు కూడా ఉంది. కృష్ణ ఒడ్డున తేమకు కొదవా?

పోసిన మూడో రోజు సైటుకు వెళ్లి చూడండి. ఒక పక్క షట్టరింగ్ ఊడదీస్తుంటారు, ఇంకో పక్క బోరు పైపుతో చన్నీళ్లు కొడుతుంటారు. శ్రద్ధగానే చేస్తారు. కానీ లోపల కాగుతున్నప్పుడు పైన చల్లబరిస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

అమెరికాలో 1930లలోనే హూవర్ డ్యామ్ కాంక్రీట్‌లో లోపలి వేడి తగ్గించేందుకు గొట్టాలు పెట్టి చల్లటి నీళ్లు పారించారు. ఆనకట్టకు తీసుకునే జాగ్రత్త మనం కాపురముండే భవనానికి ఎందుకు వద్దు?

అమరావతి సచివాలయ టవర్ల రాఫ్ట్ కాంక్రీట్ 2018 డిసెంబరులో మొదలైంది. 2019లో పనులు ఆగి, పునాదులు ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2024లో ఐఐటీ మద్రాస్ నిపుణులు వచ్చి పరిశీలించారు. ఏ పునాదికైనా అలాంటి పరీక్ష రావచ్చు. మొదటి వారంలో రాయని వేడిని ఆ తర్వాత కొలవడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏను, మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థను మనం కోరాల్సినవి:

1. మీటరు మందం దాటిన ప్రతి పునాదికీ పోయకముందే వేడి అదుపు ప్రణాళిక తీసుకోవాలి.

2. అడుగున, నడుమ, పైన వేడి కొలిచే థర్మోకపుల్స్ పెట్టించాలి. తేడా తగ్గేదాకా గంట గంటకూ వేడిని రాయించాలి. ఆ రికార్డు చూడనిదే బిల్లు పాస్ చేయకూడదు.

3. ఫ్లైయాష్ లేదా స్లాగ్ కలిపిన సిమెంట్ వాడించాలి. ఫ్లైయాష్ ఏటి అవతల ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలోనే ఉంది. ఇలాంటి కాంక్రీట్ నిదానంగా బలపడుతుంది కనుక 28 రోజులకు బదులు 56 రోజుల బలం చూడాలి.

4. ఎండాకాలం రాత్రిపూటే పోయాలి. కంకరను నీడలో ఉంచాలి, నీళ్లలో ఐసు కలపాలి. పోసేటప్పటి కాంక్రీట్ వేడికి భారతీయ ప్రమాణం ఐఎస్ 7861 చెప్పే 40 డిగ్రీలు ఆఖరి హద్దు మాత్రమే.

5. పోశాక పైన ప్లాస్టిక్ షీటు, దాని మీద గోనెపట్టాలు కప్పాలి. తేడా తగ్గాకే షట్టరింగ్ విప్పాలి.

ఖర్చు పెరుగుతుందంటారు. పునాది ఖర్చు ముందు థర్మోకపుల్ తీగల ఖర్చు ఏపాటిది? పగిలిన పునాదిని భవనం కింద నుంచి తీసి మళ్లీ వేయలేం.

ఫ్లాట్ కొనేవారు అగ్రిమెంటుకు ముందే పునాది వేడి రికార్డు అడగండి. చూపించనివారికి అడ్వాన్సు ఇవ్వకండి. మనం అడిగితేనే బిల్డరు రాస్తాడు, అధికారి చూస్తాడు.

ఇట్లు
మంగళగిరి పౌరులు